ప్రసన్నకుమారి తీర్మానం

జనవరి ఒకటో తేదీ పొద్దున ఆరాధన అయిపోయాక తిరుపతి కొర్లగుంట సంఘంలో ప్రతి ఏడూ జరిగేదే జరిగింది. పాస్టరుగారు తట్ట నిండా వాగ్దానం కార్డులు పట్టుకొని వరసల మధ్య నడిచాడు. ఎవరి చేతికి ఏ వాక్యం వస్తే వాళ్లకు ఆ ఏటికి అదే వాగ్దానం. అయితే ఈసారి ఆయన ఒక కొత్త పని పెట్టాడు. కార్డు వెనకవైపు ఖాళీగా వదిలాడు.

"దేవుడు మీకు మాటిచ్చినాడు. మీరు ఆయనకు ఏం మాటిస్తారో వెనక రాయండి. పక్కోళ్ల కార్డు చూసి రాయొద్దు. మీ మనసుకు ఏది అన్నిటికంటే పెద్దదో అది రాయండి. డిసెంబరు ఆఖరి ఆదివారం ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పాల" అన్నాడు.

పక్కోళ్ల కార్డు చూడొద్దంటే చూడకుండా ఉండే జనమా మనది. కుప్పమ్మ "పది కిలోలు తగ్గుతాను" అని రాసింది. అది చూసి ఆ వరసలో ఇంకో ఆరుగురు ఆడవాళ్లు పదేసి కిలోలు తగ్గడానికి ఒప్పుకున్నారు, వాళ్లల్లో ఒకామె ఉండేదే నలభై కిలోలు. ప్రసన్నకుమారి భర్త విజయ్ కుమార్ ఆటో నడుపుతాడు. అతను "గుట్కా మానేస్తాను" అని రాశాడు. అంతకుముందు రెండేళ్లూ నోటితో చెప్పిన మాటే అది, ఈసారి రాతలోకి ఎక్కింది.

ప్రసన్నకుమారి మాత్రం పెన్ను పట్టుకొని చాలాసేపు కూర్చుంది. చివరికి "ఈ ఏడు అబద్ధం చెప్పను" అని రాసి, కార్డును బైబిల్లో పెట్టుకుంది.

ఊరికే రాసిన మాట కాదది. దాని వెనక తొమ్మిదేళ్ల కిందటి సంగతి ఒకటి ఉంది. ఆమె నాయన తిరుమలయ్య రాళ్లు కొట్టే మనిషి. ఆయన కడుపులో గడ్డ వచ్చింది. డాక్టర్లు ఇంట్లోవాళ్లకు చెప్పారు, ఇంట్లోవాళ్లు ఆయనకు చెప్పలేదు. మన దగ్గర అది మామూలే కదా, రోగం ఒకరిది, దాని పేరు తెలిసేది తక్కినవాళ్లందరికీ. ఒకరోజు ఆయన కూతురిని మంచం దగ్గరికి పిలిచాడు.

"పాపా, నువ్వు డాక్టరు కాడ పనిజేస్తావు, నీకు తెలుస్తాది. నాకేమైంది?"

"అల్సరు నాయనా. మందులు మింగితే తగ్గిపోతాది" అంది ప్రసన్నకుమారి, కళ్లలోకి చూసి మరీ.

ఆయన నమ్మాడు. తమ్ముడు మునెయ్యతో ఆయనకు పన్నెండేళ్లుగా మాటల్లేవు. గుడియాత్తం పోయి వాడిని ఒకసారి చూసి రావాలని ఉండేది. "తగ్గినాక పోతాలే" అంటూ వచ్చాడు. మూడు నెలలకు ఆ మునెయ్యే వచ్చాడు, సమాధుల తోటకు. పెట్టె పక్కన నిలబడి, "పోతానని మా అన్నకు తెలుసునా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ప్రసన్నకుమారి గొంతులో చేపముల్లులా అప్పటినుంచీ అట్లే ఉండిపోయింది.

రాయడమైతే రాసింది గానీ, ఆమె ఉద్యోగంలో అబద్ధం జీతంతో కలిసి వచ్చే పని. ఎముకల డాక్టరు శ్రీనివాసులు గారి క్లినిక్కులో టోకెన్లు ఇస్తుంది ఆమె. "డాక్టరుగారు దావలో ఉండారు, ఐదు నిమిషాలు" అనే మాట రోజుకు అరవైసార్లు చెప్పేది. ఆ టైముకు డాక్టరుగారు దారిలో కాదు కదా, ఇంట్లో స్నానానికి కూడా లేచి ఉండడు. జనవరి రెండో తేదీ నుంచి ఆమె మాట మార్చింది. "ఇంకా ఇంటికాడే ఉండారు. పదిన్నరకు ముందు రారు. మీరు పొయ్యి టిఫిను తినేసి రాండి" అనసాగింది. డాక్టరుగారు వారం రోజులు మొహం ముడుచుకున్నాడు. తర్వాత చూసుకుంటే, కడుపునిండా తిని వచ్చిన రోగులు కొట్లాడటం మానేశారు. ఎదురుగా దోసెల బండి పెట్టుకున్న గురవమ్మ ప్రసన్నకుమారికి రోజూ టీ పంపడం మొదలుపెట్టింది.

ఇంటి దగ్గర అంత సులువుగా సాగలేదు. ఆడబిడ్డ కొత్త చీర కట్టుకొని ఎట్లుంది అని అడిగితే "నీకు బాగలే" అని చెప్పి, ఈస్టరు పండగంతా మాటల్లేకుండా చేసుకుంది. అయినా పట్టు వదల్లేదు. పదకొండు నెలలు గడిచాయి. ఇంకొక్క నెల గట్టెక్కితే చాలు అనుకుంది. అనుకున్నవన్నీ అయితే ఇంకేం కావాలి.

ఆమె తల్లి తాయమ్మ పుత్తూరు పక్కన పల్లెలో కొడుకు సుకుమార్ దగ్గర ఉంటుంది. రెండు నెలలుగా అన్నం సయించడం లేదు. మనిషి చిక్కిపోయింది, కళ్లు పచ్చబడ్డాయి. సుకుమార్ ఆమెను తిరుపతికి తీసుకొచ్చి చెల్లెలి ఇంట్లో దించాడు. ఒక పెద్దాసుపత్రిలో స్కానింగులు తీశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. డిసెంబరు తొమ్మిదో తేదీ మంగళవారం ప్రసన్నకుమారి ఒక్కతే పోయి రిపోర్టు తెచ్చుకుంది. కాలేయంలో గడ్డ. మంచి గడ్డ కాదు. ఆపరేషన్ కుదరదు, మందులతో ఒక ఏడాది, బాగుంటే ఇంకొంచెం, అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి మెట్ల మీద నిలబడి అన్నకు ఫోన్ చేసింది. సుకుమార్ రిపోర్టులో ఉన్నదంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అమ్మకు చెప్పొద్దు పాపా" అన్నాడు చివరికి. "గ్యాసని చెప్పు. లేకుంటే కామెర్లని చెప్పు."

"అన్నా, నేను ఈ ఏడు..."

"నీ కార్డు సంగతి నాకు తెలుసులే. కార్డు కోసరం అమ్మను సంపుతావా?"

అన్న అన్నదాంట్లో తప్పేం లేదు. తాయమ్మ పిరికి మనిషి. లిఫ్టు ఎక్కదు. సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. దీపావళికి చెవుల్లో దూది పెట్టుకుంటే మూడు రోజులు తీయదు. ఫోను కొంచెం గట్టిగా మోగినా గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. అట్లాంటి మనిషికి క్యాన్సరు అనే మాట చెప్తే, ఏడాది తర్వాత పోవాల్సిన ప్రాణం ఆ నిమిషానే పోతే? ఇంటికి పోయే దారంతా ప్రసన్నకుమారికి ఇదే దిగులు. చెప్తే అమ్మను చంపినట్టవుతుంది. చెప్పకపోతే నాయనకు చేసిందే అమ్మకూ చేసినట్టవుతుంది. చేతిలో రిపోర్టు కవరు చెమటకు తడిసిపోయింది.

ఉండేది రెండు గదుల ఇల్లు. బీరువాలో పెడితే కూతురు రూతు బట్టల కోసం రోజూ తీస్తుంది, కనబడగానే చదివేస్తుంది. ప్రసన్నకుమారి కవరును మడిచి బియ్యం డ్రమ్ములో అడుక్కి దోపేసింది. వంట చేసేది తనే కదా అని ధైర్యం. ఊరికే కూర్చోలేక బియ్యం ఏరిపెట్టే పని ఆ వారమే అమ్మ తీసుకుందని ఆ కంగారులో గుర్తురాలేదు.

"కాగితాలు వచ్చినాయా?" అని అడిగింది తాయమ్మ.

"వచ్చినాయి మా."

"ఏమన్నారు?"

"వచ్చే వారం మళ్లా రమ్మన్నారు."

రెండూ నిజాలే. అంత తెలివిగా తప్పించుకున్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం పొద్దున్నే క్లినిక్కు తాళం తీసే టైముకు ముందే పోయి గేటు బయట నిలబడింది. సాయంత్రం ఇంటికొచ్చాక తల్లి నోరు తెరిచిందో లేదో, బాత్రూములోకి పోయి కొళాయి తిప్పుకుంది. క్లినిక్కులోనూ పద్నాలుగో టోకెను వాళ్లను లోపలికి పంపాల్సింది, నలభై ఒకటో టోకెను వాళ్లను పంపి గొడవ తెచ్చుకుంది. ఈలోపల సుకుమార్ తల్లికి ఫోన్ చేసి, "గ్యాసంట మా. బలానికి సూదిమందు వేస్తారంట, అంతే" అని నవ్వుతూ చెప్పాడు. తాయమ్మ "సరే నాయనా" అని ఫోన్ పెట్టేసి, కూతురి వైపు చూసింది. ప్రసన్నకుమారి గిన్నెలు తోముతూ తల ఎత్తలేదు.

"ఇట్లాంటివి దేవుడు కూడా పట్టించుకోడు. గ్యాసని నువ్వూ ఒక మాట చెప్పేసెయ్, పీడా పోతాది" అన్నాడు విజయ్ కుమార్. తన కార్డును మార్చిలోనే చింపేసిన మనిషి అతను.

"నాయనకు అట్లే గదా చెప్పింది" అంది ఆమె. అతను ఆటో తాళం తీసుకొని బయటికి పోయాడు.

అప్పటికి ఒక్క అబద్ధం కూడా ఆమె నోట్లోంచి రాలేదు. అయినా మంగళవారం నుంచి తను చేస్తున్నదంతా అబద్ధమేనని ఆమెకు తెలుసు. నోరు మూసుకొని కూడా అబద్ధమాడవచ్చని పాస్టరుగారు చెప్పలేదు.

గురువారం సాయంత్రం ఆరింటికి ఇంటికి వచ్చేసరికి రూతు ఇంకా కాలేజీ నుంచి రాలేదు. తాయమ్మ గడప దగ్గర కూర్చొని చేటలో బియ్యం ఏరుతోంది. పక్కన నేల మీద ఆసుపత్రి కవరు ఉంది, దుమ్ము దులిపి, మడతలు సాపు చేసి.

"బియ్యానికి జబ్బు చేసినట్టుండాదే పాపా. దాని కాగితాలు దాంట్లో పెట్టినావు" అంది.

ప్రసన్నకుమారి చెప్పులు విడవడం కూడా మరిచి అట్లే నిలబడింది.

"నాకు సదువు రాదు. అయినా మంచి కాగితమై ఉంటే టీవీ మీద పెట్టుంటావు గదా."

"అన్న చెప్పినాడు గదమ్మా నీకు."

"వాడు చెప్పింది ఇన్నాను. నువ్వు చెప్పు." తాయమ్మ చేట ఒళ్లో పెట్టుకుంది. "మీ నాయనకు అల్సరని నువ్వు చెప్పినప్పుడు నేను పక్కనే కూర్చోని తల ఊపినాను. ఆ మనిషి నీ మాట నమ్మలే, నా తల ఊపడం సూసి నమ్మినాడు. అది నాకు గుర్తుండాది. ఇప్పుడు అడిగేది నేను. చెప్పు."

ప్రసన్నకుమారి ఫోనులో విజయ్ కుమార్ నంబరు తీసి పెట్టుకుంది. అమ్మ పడిపోతే వెంటనే ఆటో రావాలి. కింద కూర్చొని తల్లి మణికట్టు పట్టుకుంది, నాడి చూసినట్టు. తర్వాత చెప్పేసింది. గడ్డ ఎక్కడుందో, దాని పేరేమిటో, ఆపరేషన్ ఎందుకు కుదరదో, ఏడాది అన్న మాటతో సహా ఏదీ దాచకుండా చెప్పింది. చెప్తున్నంతసేపూ తల్లి గుండెల వైపే చూస్తోంది, ఊపిరి ఆడుతోందా లేదా అని.

తాయమ్మ పడిపోలేదు. రెండో చెయ్యి బియ్యంలో తిరుగుతూనే ఉంది. ఒక రాయి తీసి బయటికి వేసింది.

"నొప్పి ఉంటాదా?"

"ఉంటాది మా. దానికి మందులుండాయి."

"ఏడాదంటే మళ్లా క్రిస్మసు దాకా."

"అంత ఉండొచ్చు. ఎక్కువా ఉండొచ్చు, తక్కువా ఉండొచ్చు. వాళ్లకూ తెలీదు."

అప్పుడు ఏడ్చింది తాయమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, సద్దు లేకుండా ఏడ్చింది. "భయంగా ఉండాది పాపా" అంది. "నాకూ భయంగానే ఉండాది మా" అంది కూతురు. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో ఇద్దరూ ఒకే మాట మాట్లాడారు. వీధిలో కొళాయి నీళ్లు వచ్చాయి, బిందెల చప్పుడైంది. వాళ్లు లేవలేదు.

కొంచెం తేరుకున్నాక తాయమ్మ ముక్కు తుడుచుకుంది.

"సరే. రేపట్నుంచి ఆ ఉప్పులేని కూడు నాకొద్దు. సంగటి కెలుకు, ఊరిబిండి నూరు. ఇంకా మునెయ్యకు ఫోన్ జెయ్యి, ఒకసారి వచ్చి పొమ్మను. మీ అన్న నిన్ను సూడాలనే అనుకున్నాడప్పా, మేమే ఆయన్ను పోనీకుండా జేసినాం అని వాడికి చెప్పాల నేను."

ప్రసన్నకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గొంతులో ముల్లు కొంచెం కదిలినట్టయింది. ఇంతసేపూ భయపడింది ఈ మనిషి గురించా అనుకుంది. అయితే తాయమ్మ మాట ఇంకా అయిపోలేదు.

"ఇంకొక మాట. నాకు తెలిసిందని సుకుమార్‌కు చెప్పొద్దు."

"ఎందుకు మా?"

"మీ నాయన పోయినాక వాడు ఏడేండ్లు తాగినాడు. మానేసి రెండేండ్లే అయింది. నాకు తెలీదనుకుంటే నా ముందర నవ్వుతా తిరుగుతాడు. నాకు తెలుసని తెలిసిందో, వాడు నా మొగం సూడలేడు. మళ్లా ఆ అంగడికి పోతాడు. నేనుండే నాలుగు దినాలు వాడు నా ముందర నవ్వుతా ఉండాల. నాకు కావాల్సింది అదే."

"అమ్మా, నా కార్డు..."

"నీ కార్డు ఉండాదనే గదా నిన్ను అడిగింది. వాడిని అడగలే." తాయమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "నువ్వు నాకు నిజం చెప్పినావు. నేను సచ్చేదాకా మరిచిపోను. ఇంక వాడికి అబద్ధం చెప్పు."

ఏం న్యాయమమ్మా ఇది అని అడగబోయింది ప్రసన్నకుమారి. ఇంతలో ఫోను మోగింది. తాయమ్మ అలవాటుగా గుండె మీద చెయ్యి వేసుకుంది. సుకుమార్.

"పాపా, అమ్మ ఏమన్నా అడిగిందా? చెప్పలేదు గదా నువ్వు?"

ఇంకా ఇరవై రోజులుంది ఏడాదికి. నాయన మంచం కళ్లముందు కదిలింది. ఆ రోజు అల్సరని చెప్పింది నాయన కోసమా? కాదు. నిజం చెప్పాక ఆయన మొహం చూసే ధైర్యం తనకు లేక. తన భయానికి తను చెప్పుకున్న అబద్ధం అది. జనవరిలో కార్డు మీద రాయాల్సింది బహుశా ఆ మాటేనేమో, నా భయం కోసం ఎవరికీ అబద్ధం చెప్పను అని. తొందరలో పొట్టిగా రాసేసింది. ఇప్పుడీ అబద్ధం ఎవరి భయానికి? దేవుడు ఈ రెంటినీ వేరుగా చూస్తాడా, ఒకే తట్టలో వేస్తాడా? ఆమెకు తెలియలేదు. ఎదురుగా తల్లి రెప్ప వేయకుండా చూస్తోంది.

"పాపా? ఉండావా?"

"ఉండానన్నా. చెప్పలే. అమ్మకేం తెలీదు" అంది ప్రసన్నకుమారి.

అవతల సుకుమార్ పెద్దగా ఊపిరి వదిలాడు. "అడిగితే గ్యాసని చెప్పుంటావు. నా వల్ల నీ కార్డు పోయింది గదా పాపా" అన్నాడు.

"పోతే పోనీలే అన్నా."

ప్రసన్నకుమారి ఫోను పెట్టేసింది. తాయమ్మ మళ్లీ చేట అందుకుంది.

క్రిస్మసు వచ్చింది, పోయింది. మొదటి సూదిమందు పడింది. మునెయ్య గుడియాత్తం నుంచి వచ్చి ఒక పూటంతా వదిన పక్కన కూర్చొని వెళ్లాడు. సంగటి నాలుగు ముద్దలు తినలేకపోయినా, ఒక్క ముద్దకైనా ఊరిబిండి నంజుకొని బాగుందని చెప్పేది తాయమ్మ. ఆ రోజులన్నిట్లో ప్రసన్నకుమారిని తినేసిన దిగులు ఒకటే, ఆఖరి ఆదివారం. లేచి, మాట నిలబెట్టుకున్నానంటే గుళ్లో రెండో అబద్ధమవుతుంది. పోయిందంటే ఏమిటా అబద్ధమని అడుగుతారు. అడిగేటప్పుడు సుకుమార్ అక్కడే ఉంటాడు, తల్లిని చూసుకోవడానికి పండగ నుంచీ వీళ్లింట్లోనే ఉన్నాడు. ఆ రోజు ఒళ్లు బాగలేదని ఇంట్లో ఉండిపోదామా అనుకుంది. ఒళ్లు బాగానే ఉంది మరి.

ఆదివారం వచ్చింది. ఆడవాళ్ల వైపు చివర తాయమ్మ, నడవకు అవతల మగవాళ్ల వైపు, ఆమెకు సరిగ్గా పక్కన సుకుమార్. కుప్పమ్మ లేచి, "నాలుగు కిలోలు పెరిగినాను, దేవునికి స్తోత్రం" అంది. వంతు తన వరస దగ్గరికి వచ్చేసరికి విజయ్ కుమార్ ఆటోను ఎవరో కదిలిస్తున్నారని బయటికి పోయాడు. తర్వాత ప్రసన్నకుమారి లేచింది.

"అబద్ధం చెప్పనని రాసినాను. డిసెంబరు పదకొండు దాకా నిలబెట్టుకున్నాను. ఆ దినం ఒకటి చెప్పినాను. ఒక్కటే. దాన్ని ఇంకా చెప్తానే ఉండాను. వచ్చే ఏడు కూడా చెప్తాను. మానేసేది లేదు."

పాస్టరుగారు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"అంత కావాల్సిన అబద్ధమా అమ్మా?"

"అవును పాస్టరుగారూ."

చెల్లెలు చెప్పేది అమ్మకు చెప్పిన గ్యాసు మాట గురించేనని సుకుమార్ అనుకున్నాడు. అమ్మ అనుమానపడుతుందేమో, ఇక్కడే అడిగేస్తుందేమో అని భయపడ్డాడు. వెంటనే నడవలోకి వంగి, పదిమందికీ వినబడేట్టు నవ్వాడు.

"ఏముంది మా, డాక్టరు దావలో ఉండాడని ఎవురికో చెప్పుంటాది, మన ప్రసన్న."

గుళ్లో అందరూ నవ్వేశారు. పాస్టరుగారు కూడా నవ్వాడు. తాయమ్మ కూడా నవ్వింది, ఏమీ తెలియని మనిషి నవ్వినట్టే. పాస్టరుగారు తర్వాతి వాళ్లను లేపినా ఆమె ముందుకు తిరగలేదు. కొడుకు నవ్వుతున్న మొహాన్నే చూస్తూ కూర్చుంది.